పగడాల తొట్టి ఇల్లు మారేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఉప్పునీటి అక్వేరియం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, జీవాలను ఒక తొట్టి నుంచి మరో తొట్టికి మార్చడం గురించే అడిగాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది. ఆ పాఠకురాలికి గడువు దగ్గరపడింది, ఆమె అడిగిన విషయంలో ఎక్కువమంది పొరపడుతున్నారు కూడా.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మూడేళ్లుగా అపార్ట్‌మెంట్‌లో 40 గ్యాలన్ల రీఫ్ తొట్టి (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి) పెంచుతున్నాం. రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక రాయల్ గ్రామా చేప, పిస్టల్ రొయ్యతో జతగా ఉండే పసుపు గోబీ చేప, ఒక క్లీనర్ రొయ్య, పువ్వులా కనిపించే సముద్రజీవి బబుల్‌టిప్ ఎనిమోనీ ఒకటి, హ్యామర్ కోరల్ అనే పగడం, గుండీల్లాంటి మెత్తని జోవాంథిడ్‌లు, కొన్ని నత్తలు ఉన్నాయి. ఇప్పుడు సొంత ఇల్లు కొనుక్కున్నాం, అక్కడ సంప్‌తో (వడపోత పరికరాలు ఉండే కింది తొట్టితో) కూడిన 90 గ్యాలన్ల కొత్త తొట్టి పెడుతున్నాం. జూన్ నెలాఖరులో గృహప్రవేశం. కొత్త తొట్టిని ఆరు వారాలు ఖాళీగా నడిపించాలని దుకాణంవారు అంటున్నారు. పాత నీళ్లన్నీ తీసుకెళ్తే ఒక్కరోజులోనే అన్నీ మార్చేయవచ్చని మా మిత్రుడు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఎండు రాళ్లతో, కొత్త ఇసుకతో మొదలుపెట్టిన తొట్టిలో ఈ బాక్టీరియా తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి దుకాణంవారు చెప్పిన గడువు అలాంటి తొట్టికి సరైనదే. మీ దగ్గర మూడేళ్ల రాళ్లు ఉన్నాయి. ఆ బాక్టీరియా రాళ్ల రంధ్రాల్లోనూ, వడపోత సామగ్రి మీదా అంటుకుని బతుకుతాయి, నీటిలో తేలుతూ ఉండేవి చాలా తక్కువ. కనుక ఒక్కరోజులో మార్చవచ్చన్న మీ మిత్రుడి మాట నిజమే, కానీ అది పాత నీళ్ల వల్ల సాధ్యమయ్యేది కాదు. రాళ్లను ఒక్క నిమిషం కూడా ఆరనివ్వకుండా, నీటిలో ముంచే తీసుకెళ్లడం వల్ల సాధ్యమవుతుంది.

కొత్త ఇంటి తాళం ఇప్పటికే మీ చేతికి వచ్చి ఉంటే, తొట్టిని నెల ముందే నిలబెట్టండి. 90 గ్యాలన్లంటే సుమారు 340 లీటర్లు. నీరు, గాజు, రాళ్లు, స్టాండు కలిపితే బరువు దాదాపు అర టన్ను అవుతుంది కాబట్టి నేల సమంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. నింపిన తర్వాత దాన్ని జరపడం ఉండదు. ఫ్రిస్కోకు నీరు అందించే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నీటిని క్లోరమిన్‌తో శుద్ధి చేస్తుంది. క్లోరమిన్‌లో క్లోరిన్‌తోపాటు అమ్మోనియా కూడా ఉంటుంది. కార్బన్ ఫిల్టర్ ఆ బంధాన్ని విడగొట్టినప్పుడు విడుదలయ్యే అమ్మోనియాను పట్టుకోవడానికి ఆర్‌వో పొరతోపాటు డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన అయాన్లను పట్టేసే గుళికలు) కూడా తప్పనిసరిగా ఉండాలి. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన పదార్థాలను కొలిచేది) సున్నా చూపిన నీటిలోనే ఉప్పు కలపండి, కలిపాక కనీసం ఒక రోజంతా పంపు తిప్పుతూ ఉంచండి.

ఉప్పు విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పాత తొట్టిలో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, దీన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు) 7.5 డీకేహెచ్ ఉండి, కొత్తగా కొన్న ఉప్పు 11 డీకేహెచ్ నీటిని ఇస్తే, లవణీయత సరిగ్గా సరిపోయినా పగడాలకు అది పెద్ద మార్పే అవుతుంది. ఒక్కసారిగా పెరిగిన ఆల్కలినిటీకి ముఖ్యంగా పోషకాలు తక్కువగా ఉన్న తొట్టిలో పగడాల కొసలు మాడినట్టు తెల్లబడతాయి. అందువల్ల ఇప్పుడు వాడుతున్న ఉప్పునే కొత్త తొట్టికీ వాడండి. మార్చే ముందు రెండు తొట్టెల నీటినీ ఒకే పరికరంతో పరీక్షించి పక్కపక్కన రాసుకోండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును మామూలు నీటితో సరిచూసుకుంటే సరిపోదు. 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకున్నప్పుడే అది సముద్రపు నీటి దగ్గర నిజం చెబుతుంది.

కొత్త తొట్టిలో ఎక్కువ రాయి అవసరం కాబట్టి కొంత ఎండు రాయి ఎలాగూ కొంటారు. దాన్ని ఇప్పుడే కొత్త తొట్టిలో వేసి, పాత తొట్టి నుంచి చేతిలో పట్టేంత లైవ్ రాక్ (బాక్టీరియా పట్టిన రాయి) ముక్కలు రెండు మూడు దాని మధ్యలో పెట్టండి. అమ్మోనియాను 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు భాగాలు) వరకు కలిపి, మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తున్నాయేమో చూడండి. వస్తున్నాయంటే తొట్టి సిద్ధమైనట్టే. మిగిలిన పాత రాళ్లు మార్పిడి రోజున వచ్చి చేరతాయి.

పాత ఇసుక గురించి మీరు అడగకపోయినా చెప్పక తప్పదు. మూడేళ్ల ఇసుక అడుగున కుళ్లిన పదార్థం, ప్రాణవాయువు లేని పొరల్లో తయారైన హైడ్రోజన్ సల్ఫైడ్ దాగి ఉంటాయి. దాన్ని కదిపి కొత్త తొట్టిలో పోస్తే ఆ విషమంతా ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది. నేను మొదటిసారి ఇల్లు మారినప్పుడు ఇసుకను అలాగే ఎత్తి పోశాను. మూడో రోజు ఉదయానికి రెండు చేపలు పోయాయి, ఆ నల్లటి ఇసుక వాసన ఇంకా గుర్తుంది. పై పొర నుంచి ఒకటి రెండు గిన్నెల ఇసుక మాత్రం విత్తనంలా తీసుకుని, మిగిలినది పారేయండి. ఆ స్థానంలో కడిగిన కొత్త ఆరగొనైట్ ఇసుక వేయండి.

ఇక మార్పిడి రోజు. దాన్ని గృహప్రవేశం రోజున పెట్టుకోకండి. ఆ రోజు ఇంటినిండా హోమం పొగ, కర్పూరం, అగరువత్తులు, చుట్టాల రాకపోకలు ఉంటాయి. నురగతో నీటిలోని మలినాలను తీసే స్కిమ్మరు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి నురగగా పంపుతుంది కాబట్టి ఆ పొగ, కొత్త రంగుల వాసన, నేల తుడిచే ద్రావణాల ఆవిరి అన్నీ తొట్టిలోకి చేరతాయి. గృహప్రవేశానికి కనీసం వారం ముందు గానీ, అది అయిన వారానికి గానీ జీవాలను మార్చండి. ముందే మార్చితే హోమం జరిగేంతసేపూ ఆ గది తలుపు మూసి, స్కిమ్మరు ఆపి, పంపులు మాత్రం తిరగనివ్వండి. జూన్‌లో మీ డల్లాస్ ప్రాంతపు ఎండకు మూసిన కారు కొద్ది నిమిషాల్లోనే కొలిమిలా అవుతుంది కనుక తెల్లవారుజామునే బయలుదేరాలి. డబ్బాలను డిక్కీలో పెట్టకుండా ఏసీ తగిలే సీట్లలో, మంచుపెట్టెల వంటి వేడి చొరని పెట్టెల్లో పెట్టండి.

ముందురోజు మేత ఆపండి. ఉదయం ముందుగా, ఇసుక కదలకుండా పైనుంచి తేటనీటిని శుభ్రమైన టబ్బుల్లోకి తోడండి. ప్రయాణమంతా జీవాలకు ఈ నీరే అవసరం. తర్వాత పగడాలను వేర్వేరు డబ్బాల్లోకి తీయాలి. హ్యామర్ కోరల్ తన పొడవైన తీగల్లాంటి స్పర్శకాలతో పొరుగు పగడాలను కుడుతుంది కాబట్టి దానికి ప్రత్యేకంగా ఒక డబ్బా ఉండాలి, కొత్త తొట్టిలోనూ చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. జోవాంథిడ్‌లను ముట్టుకునేటప్పుడు చేతితొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే చాలా తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ బ్రష్‌తో రుద్దకండి, వేడినీళ్లు పోయకండి. ఆవిరితో ఆ విషం గాలిలో కలిసి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

ఎనిమోనీ రాయికి అంటుకుని ఉంటే రాయితో సహా తీయండి. గాజుకు అంటుకుని ఉంటే పలుచని ప్లాస్టిక్ కార్డుతో పాదం అంచును నిదానంగా, పావుగంట పట్టినా సరే, వదిలించండి. పాదం చిరిగితే అది చాలాసార్లు కుళ్లి చనిపోతుంది. కొత్త చోట అది మనం పెట్టిన దగ్గర నిలవకుండా రెండు మూడు రోజులు తిరుగుతుంది కాబట్టి నీటిని కదిలించే వేవ్‌మేకర్‌కు, పంపు నోటికి జల్లెడ తొడుగు వేయకపోతే అందులో చిక్కుకుని తొట్టినంతా పాడుచేస్తుంది.

పగడాల తర్వాత రాళ్లు. ప్రతి రాయినీ బకెట్ నీటిలో ముంచే ఉంచండి, రంధ్రాల్లో ఎవరైనా దాక్కున్నారేమో చూడండి. గ్రామాకు రాతి సందుల్లో ఒదిగిపోయే అలవాటు ఉంది. రాళ్లన్నీ తీసి నీరు తగ్గాక చేపలు సులువుగా దొరుకుతాయి కాబట్టి వాటిని చివర పట్టాలి. వలతో వెంటపడే బదులు చిన్న డబ్బాలోకి మళ్లించడం మేలు. పిస్టల్ రొయ్య ఇసుక కింద సొరంగంలో ఉంటుంది. ఇసుక పారేసే ముందు చేత్తో మెల్లగా ఎత్తి వెతకండి, జీవాలన్నిటినీ లెక్కపెట్టుకోండి. ప్రతి పెట్టెలో బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఉండాలి.

కొత్త ఇంట్లో ముందు రాళ్లు, ఆ తర్వాత పగడాలు, చివర చేపలు. లవణీయత, ఆల్కలినిటీ రెండు చోట్లా సమానంగా ఉండి, ఉష్ణోగ్రత తేడా ఒక డిగ్రీ లోపల ఉంటే చేపలను గంటలకొద్దీ చుక్కనీటితో అలవాటు చేయనవసరం లేదు. రొయ్యలు, నత్తలు లవణీయతలో చిన్న మార్పును కూడా తట్టుకోలేవు కాబట్టి వాటికి మాత్రం గంటసేపు చుక్కలుగా కొత్త నీరు కలపండి. మొదటి వారం రోజూ అమ్మోనియా పరీక్షించండి, సగం మేతే వేయండి, 70 లీటర్ల ఉప్పునీరు కలిపి సిద్ధంగా ఉంచుకోండి. గోధుమరంగు పొడిలాంటి డయాటమ్‌లు (సూక్ష్మ నాచు) కనిపిస్తే కంగారుపడకండి, కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. తొట్టి పెద్దదైంది కదా అని కొత్త చేపలు కొనాలనిపిస్తుంది. ఆరు వారాలు గడిచేదాకా దయచేసి ఆగండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మొదటి రీఫ్ తొట్టి పెట్టి రెండు నెలలైంది. చెన్నై నుంచి తెప్పించిన క్లౌన్‌ఫిష్ రాత్రంతా సంచిలో ప్రయాణించి వచ్చింది. సంచి తెరిచి రెండు గంటలు చుక్కచుక్కగా నీరు కలిపాను. ఎంత జాగ్రత్తగా చేసినా సాయంత్రానికి చనిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది?

సమాధానం: మీ శ్రద్ధలో లోపం లేదు. ఆ పద్ధతి ఇలాంటి ప్రయాణానికి పనికిరాదు. మూసిన సంచిలో చేప ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానివల్ల పీహెచ్ తగ్గుతుంది. తక్కువ పీహెచ్ దగ్గర అమ్మోనియాలో ఎక్కువ భాగం హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటకు పోయి పీహెచ్ పెరుగుతుంది, రాత్రంతా పోగైన అమ్మోనియం విషంగా మారుతుంది. మీ చేప ఆ నీటిలో రెండు గంటలు ఉంది.

దూరం నుంచి వచ్చిన సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి ఉష్ణోగ్రత కలిసేలా చేయండి, విప్పగానే లవణీయత కొలిచి, ఆలస్యం చేయకుండా చేపను మాత్రం తొట్టిలోకి తీసుకుని సంచి నీటిని పారబోయండి. అయితే పరాన్నజీవులను అదుపులో ఉంచడానికి చాలా దుకాణాలవాళ్లు నీటిని పలుచగా, 1.018 నుంచి 1.020 సాంద్రత దగ్గర ఉంచుతారు. మీ రీఫ్ తొట్టి 1.025 దగ్గర ఉంటుంది. ఉప్పదనం తగ్గడాన్ని చేప తట్టుకున్నంత తేలికగా, ఒక్కసారిగా పెరగడాన్ని తట్టుకోలేదు. అందుకే పంపే ముందురోజు దుకాణానికి ఫోన్ చేసి వారి సాంద్రత అడిగి, దానికి సరిపడే నీటితో 40 లీటర్ల విడి తొట్టి ఒకటి సిద్ధం చేసుకోండి. చేపను అందులో దింపి, నాలుగైదు రోజుల్లో కొంచెంకొంచెంగా ఉప్పదనం పెంచండి.

ఆ విడి తొట్టే మీకు క్వారంటైన్‌గా పనికొస్తుంది. చేప అక్కడ కనీసం నాలుగు వారాలు ఉండాలి. తెల్లమచ్చల జబ్బు కలిగించే క్రిప్టోకేరియన్ ఒకసారి రీఫ్ తొట్టిలోకి వచ్చిందంటే, చేపలన్నిటినీ బయటకు తీసి రెండు నెలలకు పైగా తొట్టిని చేపలు లేకుండా ఉంచవలసి వస్తుంది. దాన్ని చంపే రాగి మందు రొయ్యలనూ, నత్తలనూ, పగడాలనూ కూడా చంపుతుంది కాబట్టి రీఫ్ తొట్టిలో వేయడానికి వీల్లేదు.

మీరు నీటి సంగతి రాయలేదు, అయినా హైదరాబాద్ పాఠకులందరి కోసం ఒక మాట. వంటింట్లోని ఆర్‌వో యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం ఖనిజాలు కలిపే గొట్టం గానీ, శుద్ధి కాని నీటిని కొంత తిరిగి కలిపే మర గానీ ఉంటుంది. తాగడానికి బాగున్న ఆ నీరు పగడాలకు సరిపోదు. బోరు నీటికి విడిగా ఆర్‌వో, డీఐ యంత్రం పెట్టుకోవలసిందే. నీటిని చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేకపోతే మే నెల గడిచేదాకా పగడాల జోలికి వెళ్లకండి. నీరు 30 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే వాటిని కాపాడటం చాలా కష్టం.

ప్రశ్న: మాది విశాఖపట్నం. సముద్రం ఇంటి పక్కనే ఉంది. ఋషికొండ దగ్గర రాళ్లు, ఎనిమోనీలు, సముద్రపు నీరు తెచ్చి కొత్త తొట్టి మొదలుపెట్టవచ్చా? పగడాలు కూడా దొరుకుతాయా?

సమాధానం: వద్దండి. ముందుగా చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, దిబ్బలు కట్టే గట్టి పగడాలను, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను, సముద్రపు దోసకాయలను 2001లో చేర్చారు. వాటిని సేకరించినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడపు ముక్కకూ ఇది వర్తిస్తుంది. గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలోనూ ఉన్నాయి. 2022 సవరణ తర్వాత అలాంటి విదేశీ జీవాలను ఉంచుకునేవారు వాటిని నమోదు చేయించుకోవాలి. ఎవరైనా పగడాలు అమ్మజూపితే కాగితాలు అడగండి, అనుమానం ఉంటే అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. కాగితాలు చూపలేనివారి దగ్గర కొనకండి.

మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి నదులూ ఒక కారణం. దేశంలో దిబ్బలున్న ముఖ్యమైన చోట్లు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు. బంగాళాఖాతంలోకి వానాకాలం తర్వాత నదులు తెచ్చే మంచినీటి వల్ల విశాఖ తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది, నీటిలో మట్టి పెరుగుతుంది. ఒడ్డు నుంచి తెచ్చిన నీరు నెలనెలకూ మారుతూ ఉంటుంది, నగరపు మురుగూ, ఓడల నూనే అందులో కలుస్తాయి. కలిపి చేసుకునే ఉప్పునీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

అందుకని సిమెంటుతోనో, సిరామిక్‌తోనో చేసిన కృత్రిమ రాయితో మొదలుపెట్టి, ఆరు వారాలు ఓపికపట్టి, హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జంటను తెచ్చుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ, క్లౌన్‌ఫిష్‌లనూ, కొన్ని డామ్‌సెల్ జాతులనూ హేచరీల్లో పెంచే పద్ధతులను రూపొందించింది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం మీ విశాఖలోనే ఉంది. హేచరీ చేప పుట్టినప్పటి నుంచి తొట్టి నీటికీ, పొడి మేతకూ అలవాటుపడి ఉంటుంది, దాని కోసం ఏ దిబ్బనూ తవ్వనవసరం లేదు. ఋషికొండ రాతిగుంటల్లోని ఎనిమోనీలను ఆటుపోట్లు తగ్గిన వేళ అక్కడికే వెళ్లి చూసి రండి. నేను ఎన్నో ఉదయాలు అలా గడిపాను.

ప్రశ్న: న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి. నెల క్రితం పాత తొట్టిలోని పగడాలను కొత్త ఎల్‌ఈడీ దీపాలున్న తొట్టిలోకి మార్చాను. నీటి పరీక్షలన్నీ సరిగానే ఉన్నాయి. అయినా మాంటిపోరా పగడం పది రోజుల్లో తెల్లబడింది. చనిపోయినట్టేనా?

సమాధానం: దగ్గరగా చూడండి. తెల్లటి ఎముక మీద పలుచని పొర, చిన్నచిన్న పాలిప్‌లు (పగడం పొర మీది నోళ్లున్న బుల్లి జీవులు) ఇంకా కనిపిస్తుంటే ప్రాణం ఉన్నట్టే. పొర ఊడిపోయి, పచ్చటి నాచు పట్టిన భాగం మాత్రం ఇక తిరిగి రాదు.

పగడం కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు ఉంటుంది. అది వెలుగుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. పాత ట్యూబు దీపాల కింద ఏళ్లు గడిపిన నాచు తక్కువ వెలుగుకు తగ్గట్టు తనను మార్చుకుని ఉంటుంది. ఒక్కసారిగా బలమైన ఎల్‌ఈడీ కిందకు వచ్చేసరికి అది హాని చేసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది, పగడం దాన్ని బయటకు తోసేస్తుంది. మన కంటికి నీలి ఎల్‌ఈడీలు మసకగా అనిపించడం వల్ల చాలామంది వెలుగును అవసరానికి మించి పెంచుతారు. పగడానికి అందుతున్న వెలుగు కంటికి తెలియదు, పార్ మీటరుతో (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగును కొలిచే పరికరంతో) కొలవాలి. చాలా దుకాణాలు దాన్ని అద్దెకు ఇస్తాయి.

ఇప్పుడు పగడాన్ని తొట్టి అడుగున, నీడ పట్టున పెట్టండి. దీపాన్ని 30 శాతానికి తగ్గించి, వారానికి ఐదు శాతం చొప్పున మాత్రమే పెంచండి. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా అయి ఉంటే చేపలకు మేత కొంచెం పెంచండి. సహాయం చేసే నాచును కోల్పోయిన పగడానికి పోషకాలు లేని నీరు మరింత ఆకలి పెడుతుంది. రాత్రి దీపాలు ఆరాక, పాలిప్‌లు విచ్చుకున్నప్పుడు పొడిలాంటి సన్నటి మేత కొద్దిగా వేయవచ్చు. పగడాన్ని రోజూ చోటు మార్చకండి. రంగు తిరిగి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ముందుగా అంచుల దగ్గర లేత గోధుమ రంగు కనిపిస్తుంది.